రెండుసార్లు తూగిన ప్రేమలత

ప్రేమలతను ఇంగ్లండు ప్రభుత్వం విమానమెక్కించి పంపేసిందని వరంగల్ ఎనుమాముల మార్కెట్ వెనుక వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరూ పంపేయలేదు. ఆమె తన టికెట్టుతో, తన ఇష్టంతో వచ్చింది. పరీక్ష తప్పి, మొహం చెల్లక వచ్చిందని ఇంకొందరు అంటారు. తప్పలేదు, పట్టా ఆమె ఇంట్లో బీరువా పైఅరలో, చీరల కింద ఉంది. తల్లి మొక్కిన మొక్కే ఆమె బతుకును ముంచిందన్న మాటకు వాడకట్టులో బలం ఎక్కువ. అది సగం కూడా నిజం కాదు. తనకు నష్టం చేసిన మనిషి ఆఫీసులో పగ తీర్చుకోవడానికే చేరిందన్నారు. ఆ ఆఫీసు ఇంటి నుంచి ఒక్క బస్సు దూరంలో ఉంది, జీతం నెలనెలా వస్తుంది; చేరడానికి కారణం అంతే. ఈ ఏడాది మేడారం జాతర తర్వాత మరో రెండు మాటలు పుట్టాయి. ఏడాదిన్నరకు తల్లిని చూడబోతున్న హారిక అనే పిల్లను ప్రేమలత కడుపుమంటతో రాకుండా ఆపిందని ఒకటి. ఆ పిల్ల మొక్కు ఫలం తనకు దక్కాలని తరాజులో తానే ఎక్కి కూర్చుందని రెండోది. హారికను ఆపిన మాట నిజం. తరాజులో కూర్చున్న మాటా నిజం. కారణాలు మాత్రం రెండూ తప్పు.

ఈ మాటలన్నవారు అబద్ధాలాడే మనుషులు కారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క చూశారు, చూడని చోట తమకు తోచింది పెట్టి పూడ్చుకున్నారు. ముక్కలను వరుసలో పెడితే కథ వేరుగా కనిపిస్తుంది.

ప్రేమలత తండ్రి పోశయ్య ఎనుమాముల మార్కెట్లో హమాలీ. తల్లి పూలమ్మ అదే మార్కెట్లో మిర్చి తొడిమెలు తీసే ఆడవాళ్ళ గుంపులో ఇరవై ఏళ్ళుగా కూర్చుంటోంది. బడి సెలవుల్లో ప్రేమలత కూడా తల్లి పక్కన కూర్చుని తొడిమెలు తీసేది. మొదటి వారం వేళ్ళు నిప్పులో పెట్టినట్టుండేవి. రెండో వారానికి ఏమీ అనిపించేది కాదు. మంట తగ్గి కాదు. వేళ్ళకు తెలియడం మానేసేది. డిగ్రీ హన్మకొండలో చదివి, బ్యాంకు అప్పుతో ఇంగ్లండులో ఒక చిన్న పట్టణంలోని విశ్వవిద్యాలయంలో సరుకుల రవాణా నిర్వహణలో ఎమ్మెస్సీకి చేరింది. అది రెండువేల ఇరవై మూడు జనవరి. ఆమెను పంపినవాడు రమాకాంత్. హన్మకొండలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో అతనికి విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఉంది.

వీసా వచ్చిన రోజు పూలమ్మ సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది. బిడ్డ చదువు ఒడ్డెక్కితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారం తల్లుల దగ్గర బంగారమంటే బెల్లం. మొక్కున్న మనిషిని తరాజు ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో సరితూగేదాకా బెల్లం ముద్దలు పేర్చి, ఆ బెల్లాన్ని గద్దెల దగ్గర సమర్పిస్తారు. జాతర రెండేళ్ళకోసారి. ప్రేమలత తన చివరి నివేదిక సమర్పించిన నెలలోపే, రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరిలో జాతర వచ్చింది. ఆమె మార్చి పన్నెండు నాటి తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకొని వచ్చింది. మార్కెట్ హమాలీలు దూలానికి తరాజు కట్టారు. విమానం దిగిన మర్నాడు మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకొని ఆమె తట్టలో కూర్చుంటే యాభై ఎనిమిది కిలోల బెల్లం తూగింది. పోశయ్య స్నేహితుడొకడు, "అక్కడి బ్రెడ్డు మంచిగనే పట్టింది పిల్లకు," అని నవ్వాడు. అందరూ నవ్వారు. మేడారం వెళ్ళి మొక్కు అప్పజెప్పి వచ్చారు.

ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు. ఆమె విద్యార్థి వీసా మే ముప్పై ఒకటి దాకా ఉంది. చదువు ముగించినవారికి ఆ దేశం రెండేళ్ళు ఉండి పనిచేసుకునే వీసా ఒకటి ఇస్తుంది. దానికి ఉద్యోగం చూపించనక్కరలేదు. షరతులు కొన్నే: చదువు పూర్తయిందని విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి తెలియజేయాలి; పాత వీసా గడువు లోపల దరఖాస్తు పెట్టాలి; పెట్టే రోజు మనిషి ఆ దేశంలోనే ఉండాలి. మార్చిలో వెళ్ళి ఉంటే మూడూ తీరేవి.

మార్చి మొదటి వారంలో ఫలితాలు ఇంకా ఆలస్యమని తెలిసి ఆమె రమాకాంత్‌ను కలిసింది. అతను ధీమాగా చెప్పాడు.

"ఇప్పుడు అంత ఆన్‌లైనే కదమ్మా. రిజల్ట్ వచ్చినంక ఇక్కడ కూసోనే పెట్టొచ్చు. అప్పటిదాక అక్కడ ఖాళీగ కూసోని కిరాయెందుకు కడ్తవ్?"

ఆమె తిరుగు టికెట్టు రద్దు చేసుకుంది. విశ్వవిద్యాలయం పంపిన ఈమెయిల్ రెండో పేరాలో నిబంధన స్పష్టంగా ఉంది. ఆమె దాన్ని చదివింది కూడా. కానీ ఆ ఉత్తరం వందలమందికి ఒకేసారి వచ్చింది. రమాకాంత్ ఆమె పేరు పెట్టి, ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆమె మనిషి మాటను నమ్మింది. ఇక్కడ తప్పు ఇద్దరిదీ. అతనిది తెలియనిది తెలిసినట్టు చెప్పడం, ఆమెది చదివినదాన్ని పక్కన పెట్టడం.

ఫలితం వచ్చాక, మే ఇరవయ్యో తేదీ సోమవారం ఆమె దరఖాస్తు తెరిచింది. మీరు ప్రస్తుతం యునైటెడ్ కింగ్‌డంలో ఉన్నారా అని తెర మీద ప్రశ్న. అవును, లేదు అని రెండు గుండ్రటి గడులు. లేదు అన్నదాని మీద నొక్కితే దరఖాస్తు ముందుకు కదల్లేదు. రమాకాంత్‌కు ఫోన్ చేస్తే హైదరాబాదులో తెలిసినవాళ్ళను అడిగి రెండు రోజుల్లో చెబుతానన్నాడు. తర్వాత సోమవారం అన్నాడు. గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. విమానాల్లో సీట్లున్నాయి. బుధవారం నాడు పోశయ్య, "పో బిడ్డా, ఎట్లనన్న జేద్దాం," అన్నాడు కూడా. ఆమె పెట్టె సర్దలేదు. రోజూ లాప్‌టాప్ తెరిచి ఆ ప్రశ్నను చూసి మూసేది. పూలమ్మ అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది. ముప్పై ఒకటి శుక్రవారం గడిచిపోయింది. ఎందుకు కదలలేదని తర్వాత ఎందరు అడిగినా ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు దాచిందనడానికీ ఆధారం లేదు.

ఆగస్టులో రమాకాంత్ తానే కబురు పెట్టాడు. పిల్లలతో మాట్లాడడానికి అక్కడ చదివి వచ్చిన మనిషి కావాలన్నాడు. ఆమె చేరింది. ఆమె చేరిన వారంలోనే స్టూడియోలో నల్లగౌను తొడిగించి తీయించిన ఫొటోను అతను పెద్దదిగా కొట్టించి రిసెప్షన్ గోడకు పెట్టించాడు. కింద పేరు, చదువు, దేశం. మార్చిలో తాను చెప్పిన మాట అతనికి గుర్తులేదు. ఆమె గుర్తుచేయలేదు. ఏడాదిన్నరపాటు ప్రతిరోజూ ఆ ఫొటో కింది కుర్చీలో కూర్చుని, విశ్వవిద్యాలయాల పేర్లూ ఫీజులూ వివరించింది. వచ్చిన పిల్లలు ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసేవారు. ఒకమ్మాయి, "అక్కా, ఫొటోల జర బొద్దుగున్నరు," అంది. ఆమె తల ఊపి దరఖాస్తు ఫారం ముందుకు జరిపింది.

రెండువేల ఇరవై అయిదు డిసెంబరు రెండో వారంలో నిర్మల ఆఫీసుకు వచ్చింది. నిర్మలది నెక్కొండ. భర్త పత్తి, మొక్కజొన్న పండిస్తాడు. ఒక్కతే కూతురు హారిక. రమాకాంత్ ద్వారానే అంతకుముందు ఏడాది సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్ళి ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఫలితం వచ్చి అప్పటికి వారం కాలేదు. నిర్మల చేతిలో ప్లాస్టిక్ డబ్బా నిండా సకినాలున్నాయి. డబ్బాను రమాకాంత్ బల్ల మీద పెట్టి కూర్చుంది.

"సారూ, పిల్ల పాసైంది. మీ దయ."

"నా దయేందమ్మా, చదివింది ఆమె."

"గందుకే అడగవస్తిని. పోయేటప్పుడు నేను తల్లులకు మొక్కిన. సదువు అయిపోతే నిలువెత్తు బంగారం తూస్త అని. జాతర జనవరి ఇరవై ఎనిమిది నుంచి. పిల్లను ఇరవై నాలుగుకల్ల రమ్మంటాన. ఆమె మళ్ల ఎన్కకు పోనీకి ఏమన్న ఫికరున్నదా?"

రమాకాంత్ సకినం ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు.

"రానియ్యుండ్రి. ఏం ఫికర్ లేదు. రెండేండ్ల వీసా ఉంటది గదా, అది ఇక్కడ కూసోనే పెడ్దాం. ఇప్పుడు అంత ఆన్‌లైనే."

పక్క బల్ల దగ్గర ప్రేమలత ఏదో ఫారం నింపుతోంది. అవే మాటలు, అదే గొంతు. ఆమెకు కోపం రాలేదు. కలం మూతపెట్టి జేబురుమాలు మీద పెట్టానని ఆమె తర్వాత చెప్పింది, అంతే గుర్తుందట.

"చిన్నమ్మా, హారిక వీసా ఎన్నడిదాక ఉన్నది?" అని అడిగింది.

నిర్మల ఫోన్ తీసి కూతురు పంపిన ఫొటో చూపించింది. జనవరి ముప్పై.

"ముప్పై తారీఖు శుక్రవారం. తల్లులు ఇద్దరు గద్దెల మీదుండే రోజు," అంది నిర్మల, తేదీ కలిసివచ్చినందుకు సంతోషంగా.

"చిన్నమ్మా, పిల్లను రమ్మనకు."

రమాకాంత్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ప్రేమలతా, నేను చెప్తాన కదా."

"తప్పు చెప్తాన్లు సార్. పెట్టే రోజు మనిషి ఆడ ఉండాలె. పెట్టినంక జవాబు వచ్చేదాక ఆ దేశం దాటొద్దు. దాటితే పెట్టిన దరఖాస్తు వాపస్ తీసుకున్నట్టే. జవాబుకు ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఇయ్యాల్ల పెట్టినా జాతరకు వస్తదో రాదో చెప్పలేం."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

ఆమె తన కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది. ఆ దేశ ప్రభుత్వపు పేజీ అది. రమాకాంత్ కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు. నెమ్మదిగా, రెండుసార్లు చదివాడు. అతను మోసగాడు కాడు. మోసగాడైతే ఆ తెర చూడనే చూడడు. వందలమందిని పంపాడు కానీ అతని విద్య విమానాశ్రయం గుమ్మం దాకే. ఆ తర్వాత ఏం జరుగుతుందో అతనికి ఎవరూ నేర్పలేదు, అతనూ కనుక్కోలేదు.

"ఈ రూల్ ఎప్పుడు మారింది?" అన్నాడు చివరికి.

"మారలేదు సార్. నేను వచ్చినప్పుడు గూడ గిదే ఉండె."

అతను తెర మీదినుంచి చూపు తీసి, ఆమెను, ఆమె వెనక గోడమీది ఫొటోను చూశాడు. మార్చి నెల అతనికి అప్పుడు గుర్తొచ్చిందా, లేక లెక్క వేసుకుంటే తేలిందా అన్నది అతనికే తెలియాలి. సకినాల డబ్బా మూత పెట్టి పక్కకు జరిపాడు.

"ఒక్కసారన్న చెప్తివా నాకు?"

"అడగలే గద సార్," అని ఆమె నిర్మల వైపు తిరిగింది.

నిర్మల కుర్చీ ముందుకు జరుపుకుంది. "మరి మొక్కు, బిడ్డా? రెండేండ్లకోపారి జాతర. మళ్ల రెండేండ్లు మొక్కు నెత్తిమీద పెట్టుకొని ఎట్ల కూసుందు? పిల్ల ఒక్కతే ఆడ పరాయి దేశంల ఉన్నది."

ప్రేమలత గోడమీది క్యాలెండరులో అయిపోయిన నవంబరు కాగితం చింపి వెనుకవైపు నాలుగు గీతలు గీసింది. నిర్మలకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కొని చదువుతుంది. అందుకని గీతల పక్కన బొమ్మల్లాంటి గుర్తులు పెట్టి చెప్పింది.

"సదువు అయినంక పిల్లకు నాలుగు తొవ్వలున్నై చిన్నమ్మా. ఇది రెండేండ్ల వీసా. నౌకరి ఉండాలని లేదు, నౌకరి ఇస్తరని గూడ లేదు. ఎతుక్కోనీకి టైం ఇస్తది, అంతే. ఇది కంపెనీ తొవ్వ. సర్కారు పర్మిషన్ ఉన్న కంపెనీ, వాళ్లు చెప్పినంత జీతమిచ్చి పిల్చుకోవాలె. ఇది మళ్ల సదువు, డాక్టరేట్‌ది. ఇది ఇంటికి."

"ఇంటికొచ్చుడు గూడ తొవ్వేనా?"

"తొవ్వనే. కాకపోతే అది ఎప్పుడైనా ఉంటది. మొదటిది జనవరి ముప్పై దాటితే ఉండది."

నిర్మల ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. మొదటి గీత మీద వేలు పెట్టి, "దీనికి మొక్కు అడ్డమొస్తాంది," అంది. తర్వాత తల ఎత్తి సూటిగా అడిగింది. "నువ్వు తూగినవా?"

"తూగిన."

"తూగి, మళ్ల పోలే."

"పోలే. మొక్కు వల్ల కాదు చిన్నమ్మా. నేను కూసున్న."

ఆ ఒక్క జవాబే నిర్మలను ఒప్పించిందని ఆమె తర్వాత ఊళ్ళో చెప్పింది. తల్లుల మీద నేరం వేసి ఉంటే లేచి వెళ్ళిపోయేదట. అక్కడినుంచే వీడియోలో హారికతో మాట్లాడారు. అక్కడ ఇంకా పొద్దున. ఆ పిల్ల దుప్పటి కప్పుకొని కూర్చుని ఉంది. రమాకాంత్ ఫోన్ తీసుకొని, నవంబరులో ఆమెకు ఫోన్లో తాను చెప్పిన ఇదే మాట తప్పని, ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టమని తన నోటితో చెప్పాడు. ఇది అతని ఖాతాలో పడవలసిన మంచి. హారిక ఏడ్చింది. ఏడుపు వీసా గురించి కాదు, రాలేకపోతున్నందుకు.

"అమ్మా, మొక్కెట్ల మరి?"

"నీ తూకమెంతనో చెప్పు. గంత బెల్లం కొంట."

"మనిషి కూసోకుంట తూకమేందమ్మా? గది కిరాణం కొన్నట్టు ఉంటది."

నిర్మలకూ అదే బాధ. ఇప్పుడు చాలామంది అంకె చూసి బెల్లం కొని పోతున్నారని ప్రేమలత అంది. నిర్మల తల అడ్డంగా ఊపింది. తాను మొక్కిన మాట తూస్తానని, కొంటానని కాదు. తట్టలో మనిషి భారం పడాలి, తాడు బిగుసుకోవాలి, అవతలి తట్ట లేవాలి. లేకపోతే అది తన మనసుకు ఎక్కదు. కాసేపటికి ఆమే ప్రేమలతను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు మా పిల్లంత ఉంటవు. కూసుంటవా?"

"కూసుంట," అంది ప్రేమలత, దరఖాస్తులో సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పినంత మామూలుగా.

పూలమ్మ ఒప్పుకోలేదు. విన్న సాయంత్రమే మిర్చి ఘాటు నిండిన కొంగుతో గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఒకపారి తల్లులకు తూగినదానివి, ఇంకోల్ల మొక్కుల ఎట్ల కూసుంటవే? గది ఆమె బిడ్డకు తగులుతదో, నీకు తగులుతదో. లోకం ఏమంటది?"

"అంటే అననీ."

"నీ మొక్కు ఉత్తగనే పాయెనని అంటాన్లు ఇప్పటికే."

"నీ మొక్కు పోలేదమ్మా. నువ్వు సదువు అయితే తూస్త అన్నవు. సదువైంది, తూసినవు. అక్కడికి సాఫ్."

పూలమ్మ లోపలికి నడిచింది. చాలాసేపు చేతులు సబ్బుతో కడుక్కుంది. రెండేళ్ళుగా ఆమె లోలోపల తన మొక్కునే నేరం పట్టుకొని ఉందని కూతురికి అప్పటిదాకా తెలియదు. తెలిశాక కూడా కూతురు ఓదార్చలేదు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి చెప్పింది. పూలమ్మకు అది చాలిందో లేదో తెలియదు కానీ, ఆ తర్వాత మొక్కు ఊసెత్తి ఆమె కన్నీళ్ళు పెట్టుకోలేదు.

జనవరి ఇరవై నాలుగు శనివారం. హారిక రావలసిన రోజు. ప్రేమలత పొద్దుటి రైలుకు నెక్కొండ వెళ్ళింది. పూలమ్మ తోడు వెళ్ళింది. ఒప్పుకొని కాదు, ఒంటరిగా పంపలేక. నిర్మల ఇంటి ముందు పత్తి తూచే మూడుకాళ్ళ దూలానికి తరాజు వేలాడదీశారు. తట్టలకు పసుపు రాశారు. వరంగల్ నుంచి తెచ్చిన బెల్లం ముద్దలు గోనెసంచుల మీద పేర్చి ఉన్నాయి. బెల్లం కొన్నప్పుడు దుకాణదారు, అది సారా బట్టీలకు పోదని రుజువుగా ఆధార్ జిరాక్స్ అడిగి, మొక్కు ఎవరి పేరు మీదని రాసుకోబోయాడట. "మొక్కేమో బిడ్డది, తూగేది ఇంకో బిడ్డ, తెచ్చేది నేను. ఎవరిది రాసుకుంటవో రాసుకో," అన్నానని నిర్మల అందరికీ చెప్పి నవ్వించింది.

వీడియోలో హారిక ఉంది. ఫోన్‌ను గుమ్మం పక్క గూట్లో నిలబెట్టారు.

"తూకం చెప్పవే," అంది నిర్మల.

"నిన్న జిమ్ముల చూసుకున్న. యాభై అయిదు. బూట్లతోని."

"బూట్లకెందుకే బెల్లం? తీసి చూసుకోరాదా?"

"చూసుకున్న. యాభై నాలుగు."

ప్రేమలత చెప్పులు విడిచి తట్టలో కూర్చుంది. మోకాళ్ళు మునుపటిలా గడ్డానికి ఆనాయి. తాడు బిగుసుకుంది. నిర్మల భర్త ముద్దలు ఒక్కొక్కటే అవతలి తట్టలో పెట్టాడు. యాభై ఒకటి దగ్గర తరాజు నిలిచింది. పూలమ్మ ఆ అంకె విని కూతురి వైపు చూసింది. రెండేళ్ళలో ఏడు కిలోలు. రోజూ కళ్ళ ముందు తిరిగే మనిషిలో ఆమె దాన్ని గమనించలేదు.

"మూడు తక్కువ పడ్డది," అన్నాడు నిర్మల భర్త.

"మా పిల్ల మూడు కిలోలు ఎక్కువ తింటాంది ఆడ," అని నిర్మల నవ్వి, లోపలినుంచి హారిక ఇంటర్ పుస్తకాలు తెచ్చి ప్రేమలత ఒళ్ళో పెట్టింది. తట్ట కిందికి దిగింది. అవతల మరో మూడు ముద్దలు పడ్డాయి. ముల్లు నిటారుగా నిలిచింది. ఆడవాళ్ళు తల్లుల పేర్లు తలిచారు. నిర్మల తరాజు చుట్టూ తిరిగి ప్రేమలత నుదుట బొట్టు పెట్టింది. ఫోన్‌లో హారిక చేతులు జోడించి ఏడుస్తోంది. ప్రేమలత ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చుంది. గోడకు పిడకలు ఆరవేసిన గుర్తులున్నాయి. అప్పుడేమనిపించిందని పూలమ్మ రైల్లో అడిగితే, కాళ్ళు తిమ్మిరెక్కాయని చెప్పింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళలోంచే, పరాయి మొక్కులో కూర్చుందన్న మాట బయటికి వచ్చింది. నిర్మల తోబుట్టువొకామె దాన్ని మొదలుపెట్టిందంటారు. నిర్మల ఎక్కడ వింటే అక్కడ ఖండించింది; కానీ ఖండించేవారు ఒక్కరు, చెప్పేవారు పదిమంది. నిర్మల కుటుంబం శుక్రవారం మేడారంలో యాభై నాలుగు కిలోలూ గద్దెల దగ్గర అప్పజెప్పింది. అదే రోజు హారిక పాత వీసా గడువు తీరింది. దరఖాస్తు అప్పటికే పెట్టి ఉంది కనుక ఆమెకు ఏ ఇబ్బందీ రాలేదు. జవాబు ఫిబ్రవరి మూడో తేదీన వచ్చింది. తల్లి పిలిచిన రోజున వచ్చి ఉంటే ఆ జవాబు వచ్చేదే కాదు. తేదీలు చూసుకున్న ఎవరికైనా ఇది తెలుస్తుంది.

హారికకు ఉద్యోగం ఇంకా రాలేదు. ఒక గిడ్డంగిలో వారానికి కొన్ని గంటలు పనిచేస్తూ వెతుక్కుంటోంది. రెండేళ్ళ తర్వాత ఆమెకూ మిగతా మూడు దారులే మిగులుతాయి, వాటిలో ఏది తెరుచుకుంటుందో ఇప్పుడు చెప్పలేం. కనుక ప్రేమలత ఆమె బతుకును నిలబెట్టిందనడం కూడా ఎక్కువే అవుతుంది.

రమాకాంత్ ఈ ఏడాది మార్చిలో గోడమీది ఫొటో తీసేయిస్తానన్నాడు. ప్రేమలత ఉండనివ్వమంది. దాని పక్కనే ఆమె గీసిన నాలుగు గీతల కాగితాన్ని, తేదీలు రాసే ఖాళీలతో, తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాడు. ఇప్పుడు ఫీజు కట్టకముందే ప్రతి కుటుంబానికీ ఒక కాపీ ఇస్తున్నారు. నాలుగో గీత చూసి కొందరు తల్లిదండ్రులు మొహం చిట్లిస్తారు. ఆమె వివరించి, తర్వాతి మనిషిని పిలుస్తుంది. క్షమించమని రమాకాంత్ అడగలేదు, ఆమె ఎదురుచూడలేదు. ఇద్దరూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు ఒకే బల్ల మీద విప్పుకుంటారు.

ప్రేమలత చదివిన నిబంధనను నమ్మక, పదకొండు రోజులు చేతిలో ఉండగా కదలక, తన రెండేళ్ళు పోగొట్టుకుంది. అదే తప్పు మరో పిల్ల మీద పడబోతున్నప్పుడు యజమాని ఎదుట నోరు తెరిచి ఆపింది. ఆ పిల్ల బదులు ఒక పూట తరాజులో కూర్చుంది. ఆమె చేసింది ఇంతే.